ప్లైవుడ్‌ను తిన్నగా కోయడానికి ఏ గైడు? నాలుగడుగుల కోతకు ఒకటి, ఎనిమిదడుగుల కోతకు మరొకటి

ప్లైవుడ్ కోతకు గైడు, అంటే కరెంటు రంపం పక్కకు పోకుండా ఆనుకుని నడిచే తిన్నటి పట్టీ, కొనాలనుకున్నవారు చాలామంది ధరతో మొదలుపెడతారు. కోత పొడవుతో మొదలుపెట్టమని నా సలహా. బజారులో దొరికే షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. మిల్లీమీటర్లలో 2440, 1220. దాన్ని వెడల్పు మీదుగా కోస్తే అది నాలుగడుగుల అడ్డకోత. పొడవునా చీలిస్తే ఎనిమిదడుగుల నిలువుకోత. రంపం అదే, బ్లేడు అదే, చెక్కా అదే. అయినా ఈ రెండు కోతల్లో ఎదురయ్యే ఇబ్బందులు వేరు వేరు. అందుకే ఒకదానికి చక్కగా కుదిరే గైడు రెండోదానికి కుదరదు. విశాఖపట్నంలో సొంతంగా అలమారో, పుస్తకాల అరో చేసుకుందామని ఉత్సాహపడేవారికీ, కొత్తగా చిన్న వర్క్‌షాపు పెట్టుకుంటున్న వడ్రంగులకూ ఈ తేడా ముందే తెలిస్తే అనవసరమైన ఖర్చు తప్పుతుంది.

ముందు అడ్డకోత సంగతి. ప్లైవుడ్‌లో పలచటి చెక్క పొరలను ఒకదాని నారకు మరొకదాని నార అడ్డంగా వచ్చేలా పేర్చి అతికిస్తారు. పైకి కనిపించే పొర నార మామూలుగా షీటు పొడవు వెంబడి సాగుతుంది. అడ్డంగా కోసినప్పుడు బ్లేడు పళ్లు ఆ నారను తెంచుకుంటూ పోవాలి. పై పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి కోత అంచున పెచ్చులు లేస్తాయి. నిలువుకోతలో పళ్లు నార వెంబడే నడుస్తాయి కనుక పెచ్చుల బెడద తక్కువ. అక్కడి కష్టమంతా గైడు వంగకుండా నిలవడంలో ఉంది.

గైడును రెండు చివర్లా బిగిస్తాం. మధ్యలో దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. రంపాన్ని ఆనించి తోస్తున్నప్పుడు చేతి ఒత్తిడికి నడిమి భాగం పక్కకు వంగుతుంది. పొడవు రెట్టింపైతే ఈ వంపు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఒక ఉదాహరణ లెక్క చూడండి. రెండంగుళాల వెడల్పు, అంగుళం ఎత్తు, ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ మందం ఉన్న అల్యూమినియం గొట్టాన్ని రెండు చివర్లా నిలిపి, నట్టనడుమ రెండు కిలోల బలంతో పక్కకు నెట్టామనుకోండి. నాలుగడుగుల నిడివిలో వంపు దాదాపు 0.15 మిల్లీమీటర్లు. అది కంటికి కనబడదు. ఎనిమిదడుగుల నిడివిలో అదే గొట్టం దాదాపు 1.2 మిల్లీమీటర్లు వంగుతుంది. అలమారకు రెండు తలుపులు పక్కపక్కన బిగించినప్పుడు మధ్యలో కనబడే సందు చాలాసార్లు ఇలా వచ్చిందే. చెయ్యి వణికిందనో రంపం మంచిది కాదనో అనుకుంటారు కానీ, లోపం గైడుది.

ఈ రెండు విషయాలూ మనసులో పెట్టుకుని ఒక్కో ఎంపికనూ చూద్దాం. రంపంతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పక్క గైడును మాత్రం లెక్కలోంచి తీసేయండి. అంచు నుంచి నాలుగైదు అంగుళాల బద్దలు చీల్చడానికి తప్ప అది షీటు పనికి రాదు.

అల్యూమినియం సెక్షను, రెండు సి క్లాంపులు

అన్నిటికన్నా చవకైన పద్ధతి ఇదే. అల్యూమినియం కిటికీలు, పార్టిషన్లు చేసే దుకాణంలో దీర్ఘచతురస్రపు గొట్టం (దాన్నే సెక్షను అంటారు) కొని, రెండు సి క్లాంపులతో, అంటే సి అక్షరం ఆకారంలో ఉండే మర బిగింపులతో, షీటుకు బిగించి, దాని వెంట రంపం నడపడం. కోత పొడవు కన్నా గైడు రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. బ్లేడు చెక్కను తాకక ముందే రంపం పళ్లెం (అడుగున ఉండే చదునైన రేకు) గైడుకు ఆనుకోవాలి, చెక్క దాటాక కూడా కాసేపు ఆనుకునే ఉండాలి. కాబట్టి అడ్డకోతకు ఐదడుగులు, నిలువుకోతకు తొమ్మిదడుగులు కావాలి.

సెక్షను ఎంపికలో రెండు విషయాలు చూడండి. మొదటిది వెడల్పు. పై లెక్కలోని రెండంగుళాల గొట్టం బదులు మూడంగుళాల వెడల్పు, అంగుళం ఎత్తు ఉన్నది తీసుకుని పడుకోబెట్టి వాడితే వంపు దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది, ఫలితంలో తేడా చాలా ఉంటుంది. రెండోది ఎత్తు. సర్క్యులర్ సాలో (గుండ్రటి బ్లేడు తిరిగే చేతి కరెంటు రంపం) మోటారు ఒక పక్కకు పొడుచుకు వచ్చి, కిందికి దిగి ఉంటుంది. గైడు ఎత్తు ఎక్కువైతే కోత మధ్యలో మోటారు దానికి తగులుకుని ఆగిపోతుంది. కొనే ముందు మీ రంపంలో బ్లేడును కావలసినంత లోతుకు దించి, మోటారు కింద ఎంత ఖాళీ ఉందో కొలిచి వెళ్లండి.

సెక్షను తిన్నగా ఉందో లేదో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ఏదైనా చదునైన పలక మీద దాన్ని పెట్టి అంచు వెంట సన్నటి పెన్సిలు గీత గీయండి. తర్వాత సెక్షనును గీతకు అవతలి వైపుకు తిప్పి, అదే అంచును గీత చివర్లకు కలిపి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైపోతే సెక్షను మంచిది. మధ్యలో విడిపోతే ఆ సందులో సగం దాని వంపు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇది చేయకుండా దేన్నీ గైడుగా ఒప్పుకోవద్దు.

ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కదా, ఎల్ ఆకారపు ఇనుప యాంగిలు వాడకూడదా అని అడిగేవారున్నారు. ఉక్కు అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు బిగువైన లోహమే. కానీ ఎర్రగా కాల్చి రోలు చేసిన యాంగిలు అంచు గైడు పనికి కావలసినంత తిన్నగా రాదు. బరువెక్కువ. పైగా సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఆ గరుకు మీద రంపం జారదు. కట్టడానికి అది మేలైన సరుకు, గైడుకు కాదు.

ఈ పద్ధతిలో అసలు చిక్కు కొలతతో వస్తుంది. గైడును కోత గీత మీద పెట్టలేం. రంపం పళ్లెం అంచుకూ బ్లేడు పంటికీ ఎంత దూరం ఉందో, గీత నుంచి అంత వెనక్కి పెట్టాలి. ఆ దూరం మోటారు వైపు ఒకటి, రెండో వైపు ఒకటి. ప్రతిసారీ టేపుతో కొలిస్తే ఏదో ఒకసారి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) అటూ ఇటూ పోతుంది. దీనికి చక్కటి ఉపాయం ఉంది. పాత ప్లైవుడ్ ముక్క అంచుకు బయటి వైపు నుంచి సరిగ్గా ఆనుకునేలా గైడును బిగించి ఒక్క కోత వేయండి. గైడు అంచుకూ కోతకూ మధ్య తెగిన బద్దే మీ కొలబద్ద. దాని మీద రంపం పేరు, ఏ వైపో రాసి మేకుకు తగిలించండి. ఇకపై గీత దగ్గర ఆ బద్ద పెట్టడం, దానికి ఆనించి గైడు బిగించడం, అంతే. బ్లేడు మార్చినప్పుడు కొత్త బద్ద చేసుకోవాలి, ఎందుకంటే పళ్ల మందం మారుతుంది.

ఇక సి క్లాంపుల తలలు పైకి పొడుచుకొచ్చి రంపానికి అడ్డం వస్తాయి. మిగిలిన ఎంపికలతో పోలిస్తే పని నెమ్మదించేది ఇక్కడే.

రెడీమేడ్ క్లాంపు గైడు

వెడల్పాటి, బల్లపరుపు అల్యూమినియం పట్టీ. దాని కిందే రెండు చివర్లా దవడలు ఉంటాయి. ఒక దవడ కదలదు, రెండోది జారుతుంది. షీటు రెండు అంచులనూ దవడల మధ్యకు తెచ్చి, మీట నొక్కితే బిగుసుకుంటుంది. దవడల మధ్య 24, 36, 50 అంగుళాలు పట్టే కొలతల్లో దొరుకుతాయి. షీటు వెడల్పు 48 అంగుళాలు కాబట్టి మీకు కావలసింది 50 అంగుళాలది. ధర తక్కువని 36 అంగుళాలది కొంటే పూర్తి షీటు మీద అది పనికిరాదు.

అడ్డకోతకు దీనికి మించిన సౌకర్యం లేదని నా అభిప్రాయం. పైకి పొడుచుకొచ్చే తలలు లేవు, మోటారుకు తగిలే ఎత్తు లేదు, ఒక కోత నుంచి ఇంకో కోతకు మారడం క్షణాల పని. అరలన్నీ ఒకే కొలతలో కోయాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అయితే మూడు విషయాల్లో జాగ్రత్త అవసరం. మీటను మరీ బలంగా బిగిస్తే పట్టీ నడుమ పైకి లేస్తుంది. కింద సందు కనబడేంత బిగించారంటే ఎక్కువ బిగించినట్టే. రెండోది, బిగించే క్షణంలో జారే దవడ కొద్దిగా పక్కకు కదలవచ్చు. కాబట్టి బిగించాక రెండు చివర్లా కొలబద్దతో మరోసారి చూడాలి. మూడోది, దవడలు షీటు అంచులను పట్టుకుంటాయి కనుక అంచు దెబ్బతిని ఉంటే పట్టు జారుతుంది. ఏటవాలు కోతలకూ సరిగా పట్టవు. ఇంకో మాట. ఈ గైడు తిన్నగా కోయిస్తుంది కానీ మూలమట్టంగా కోయించదు. దాన్ని నిలబెట్టే చోటు సరిగ్గా ఉండాల్సింది మీ కొలతల వల్లనే.

నిలువుకోత కోసం రెండు ముక్కలు కలిపి 100 అంగుళాలయ్యేవి కూడా అమ్ముతారు. వాటిని నేను సిఫారసు చేయను. వంపు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది నట్టనడుమ. వాటి అతుకు కూడా సరిగ్గా అక్కడే. రెండు ముక్కలను కలిపే చిన్న బద్దలో వెంట్రుక వాసి వదులున్నా కోతలో అది కనబడుతుంది.

ఆన్‌లైనులో తెప్పించుకుంటే పెట్టె విప్పిన రోజే పెన్సిలు గీత పరీక్ష చేయండి. పొడవాటి పెట్టెలు రవాణాలో చివర్ల దగ్గర దెబ్బ తింటుంటాయి. వాపసు గడువు దాటాక తెలిస్తే ప్రయోజనం లేదు.

మీరే చేసుకునే గైడు బోర్డు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇష్టానికి కారణమూ ఉంది. తక్కువ ఖర్చుతో రెండు కోతల కష్టాలనూ ఒకేసారి తీర్చే ఎంపిక ఇదొక్కటే.

ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను పది పన్నెండు అంగుళాల వెడల్పుతో అడుగు పలకగా తీసుకోండి. దాని మీద, ఒక అంచు నుంచి నాలుగంగుళాలు లోపలికి, తిన్నటి బద్దను జిగురు పూసి, కింది నుంచి స్క్రూలతో బిగించండి. జిగురు ఆరాక రంపాన్ని ఆ బద్దకు ఆనించి అడుగు పలక మీద నడిపితే, అదనంగా ఉన్న భాగం తెగిపోతుంది. మిగిలిన అంచు మీ రంపం బ్లేడు నడిచే ఖచ్చితమైన గీత. ఇకపై ఆ అంచును కోత గీత మీద పెట్టి, వెనక ఉన్న నాలుగంగుళాల భాగం మీద క్లాంపులు బిగిస్తే చాలు. దూరం లెక్క వేయక్కర్లేదు, కొలబద్ద అక్కర్లేదు, క్లాంపుల తలలు మోటారుకు దూరంగా ఉంటాయి. అడుగు పలక అంచు బ్లేడు పక్కనే చెక్క పై పొరను అదిమిపెట్టి ఉంచుతుంది కాబట్టి ఆ వైపు పెచ్చులు చాలా తగ్గిపోతాయి. పలక కింది భాగమే మీరు ఉంచుకునే ముక్క కావాలి.

వంపు సంగతికి వస్తే ఇంకా బాగుంటుంది. పది అంగుళాల వెడల్పున్న పలకను పక్కకు వంచడం చాలా కష్టం. లోహం కన్నా ప్లైవుడ్ మెత్తనైనా, వెడల్పు వల్ల అది రెండంగుళాల అల్యూమినియం గొట్టం కన్నా పక్క ఒత్తిడికి దాదాపు పది రెట్లు గట్టిగా నిలుస్తుంది. ఎనిమిదడుగుల నిలువుకోతకు ఇంట్లో చేసుకోగలిగిన గైడుల్లో దీనికి సాటి లేదు.

అయితే మొదటి తిన్నటి బద్ద ఎక్కడి నుంచి తేవాలి? రెండు దారులున్నాయి. పెన్సిలు గీత పరీక్షలో నెగ్గిన అల్యూమినియం సెక్షనునే బద్దగా బిగించవచ్చు. లేదా ప్యానెల్ సా (షీట్లు కోసే పెద్ద బల్ల యంత్రం) ఉన్న చోట షీటు కోయించుకునేటప్పుడే ఒక నాలుగంగుళాల బద్దను అదనంగా చీల్పించుకోవచ్చు. ఫ్యాక్టరీ అంచును మాత్రం నమ్మవద్దు. కొన్ని షీట్లకు అది బాగుంటుంది, కొన్నిటికి ఉండదు.

విశాఖలో ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. అడుగు పలకకు మామూలు ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) వాడకండి. ఇక్కడి తేమకు, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు వానలకు దాని అంచు ఉబ్బుతుంది. గైడు బోర్డుకు ప్రాణం ఆ అంచే. బి.డబ్ల్యు.ఆర్. రకం, అంటే మరిగే నీటిని తట్టుకునే ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులకు రెండు పూతలు వార్నిషు వేయండి. గోడకు వాల్చి పెడితే వంగిపోతుంది. పైన రంధ్రం చేసి వేలాడదీయండి, లేదా మంచం కింద చదునుగా పడుకోబెట్టండి.

గైడు బోర్డుకున్న పరిమితి ఒకటే. అది ఒక రంపానికి, ఒక బ్లేడుకు చెందినది. రంపం మారితే బోర్డు మళ్లీ చేయాలి. అడుగు పలక మందం మేరకు కోత లోతు కూడా తగ్గుతుంది. ఏడంగుళాల సర్క్యులర్ సాకు అది లెక్కలోకి రాదు. నాలుగంగుళాల మార్బుల్ కట్టరుతో (రాయి, టైల్సు కోసే చిన్న యంత్రం) అయితే 19 మిల్లీమీటర్ల షీటు కింద మిగిలే లోతు కొంచెమే.

ట్రాకు సా

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో రంపం గైడుకు ఆనుకుని నడుస్తుంది. చెయ్యి సడలితే గైడు నుంచి దూరంగా పోవచ్చు. ట్రాకు సాలో రంపం అడుగున గాడి ఉంటుంది. దానికోసమే చేసిన పొడవాటి అల్యూమినియం పట్టా మీది గట్టు ఆ గాడిలో కూర్చుంటుంది కాబట్టి రంపం ఏ పక్కకూ పోలేదు. పట్టా అంచున ఉండే రబ్బరు పట్టీ గీత మీదే కూర్చుని పెచ్చులను ఆపుతుంది. పట్టా కింద జారని పట్టీలు ఉండటంతో చాలాసార్లు క్లాంపులు కూడా అక్కర్లేదు. కోత నాణ్యతలో చేతి పనిముట్లన్నిటికీ ఇది పైమెట్టు.

కానీ ధర పదుల వేలల్లో ఉంటుంది. పైగా సాధారణంగా వచ్చే పట్టా పొడవు 1400 నుంచి 1600 మిల్లీమీటర్లు. అంటే అది అడ్డకోత పట్టా. నిలువుకోతకు రెండు పట్టాలు కలపాలి, లేదా 3000 మిల్లీమీటర్ల పట్టా విడిగా కొనాలి. మకీటా, ఫెస్టూల్ పట్టాల గాడి తీరు దాదాపు ఒకటే, ఒకదాని రంపం రెండోదాని మీద నడుస్తుంది. బాష్ పట్టా తీరు వేరు. ముందు రంపం కొని తర్వాత పట్టా వెతుక్కునేవారు ఇది గుర్తుంచుకోవాలి. నెలనెలా మాడ్యులర్ కిచెన్లు చేసేవారికి, ఇళ్లకు వెళ్లి అక్కడే కోసి బిగించేవారికి ఈ ఖర్చు న్యాయమే. ఇంట్లో రెండు అలమారలు చేసుకోవడానికి కాదు.

షాపులో ప్యానెల్ సా

జారే బల్ల ఉన్న ఈ యంత్రాన్ని 1906లో విల్‌హెల్మ్ అల్టెన్‌డోర్ఫ్ బెర్లిన్‌లో రూపొందించాడు. నేటికీ ఫర్నిచరు పరిశ్రమ దాని మీదే నడుస్తోంది. షీటును బల్ల మీద పడుకోబెట్టి బల్లనే జరుపుతారు. మంచి యంత్రాల్లో పెద్ద బ్లేడుకు ముందు ఒక చిన్న బ్లేడు కింది పొర మీద సన్నటి గాడి గీస్తుంది, దాంతో కింది వైపు కూడా పెచ్చులు లేవవు. గాజువాక ఆటోనగర్ వైపు కానీ, మీకు దగ్గరలోని ప్లైవుడ్ డీలరు దగ్గర కానీ ఈ యంత్రం ఉందేమో, ఆ చిన్న బ్లేడు పనిచేస్తోందేమో అడగండి. రెండో ప్రశ్న ముఖ్యం. యంత్రం ఉండి ఆ బ్లేడు తీసేసి ఉంటే, పలచటి వెనీరు అతికించిన షీట్లు పాడవుతాయి.

అపార్టుమెంటుల్లో ఉండేవారికి దీనివల్ల మరో పెద్ద మేలు ఉంది. 19 మిల్లీమీటర్ల పూర్తి షీటు 35 నుంచి 40 కిలోలు తూగుతుంది. ఎనిమిదడుగుల షీటు చాలా లిఫ్టుల్లో పట్టదు. మధురవాడలోనో ఎం.వి.పి. కాలనీలోనో నాలుగో అంతస్తుకు మెట్ల మీద మోసుకెళ్తే మలుపు మలుపునా మూలలు గోడలకు కొట్టుకుని నలుగుతాయి. పొడవునా చీల్పించి తెస్తే ఒక్కో ముక్కా ఇద్దరు సులువుగా మోయగలిగేంత బరువే.

ఏ రంపంతో?

గైడు ఎంత మంచిదైనా యంత్రం సరైనది కాకపోతే ప్రయోజనం లేదు. మన దగ్గర చాలామంది నాలుగంగుళాల మార్బుల్ కట్టరుకు చెక్క బ్లేడు తగిలించి ప్లైవుడ్ కోస్తారు. అనుభవమున్న మేస్త్రీలు దాంతో అందమైన పని చేస్తారు, ఆ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. కానీ కొత్తగా మొదలుపెట్టేవారు దాని జోలికి పోవద్దు. ఆ కట్టరు నిమిషానికి పన్నెండు వేల చుట్లు దాటి తిరుగుతుంది. ఏడంగుళాల సర్క్యులర్ సా వేగం అందులో సగం దరిదాపు. కట్టరుకు బ్లేడు కింది భాగాన్ని తనంతట తానే మూసేసే డాలు లేదు. కోత మూసుకుని బ్లేడు పట్టేసిందంటే యంత్రం ఒక్కసారిగా వెనక్కి ఎగురుతుంది, తిరుగుతున్న పళ్లు బయటే ఉంటాయి. ఇప్పటికే వాడుతున్నవారు కనీసం బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం యంత్రం వేగం కన్నా ఎక్కువే ఉందో లేదో చూసుకోండి.

సర్క్యులర్ సాకు 40 పళ్ల బ్లేడు నిలువుకోతకు చాలు. అడ్డకోతకు, లామినేటు అతికించిన షీట్లకు 60 పళ్లది మేలు. బ్లేడు షీటు కింద ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే కనబడేలా లోతు పెట్టండి. ఈ రంపంలో పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పెచ్చులు పై వైపే లేస్తాయి. క్లాంపు గైడుతో గానీ అల్యూమినియం సెక్షనుతో గానీ కోస్తే షీటు మంచి ముఖాన్ని కిందికి పెట్టండి. గైడు బోర్డుతో, ట్రాకు సాతో అయితే మంచి ముఖం పైకి ఉన్నా ఫర్వాలేదు. జిగ్ సాను గైడుకు ఆనించి నడిపి తిన్నటి కోత ఆశించకండి, దాని సన్నటి బ్లేడు చెక్క లోపల తనకిష్టమైన వైపు వంగుతుంది.

షీటును రెండు స్టూళ్ల మీద ఆనించి నడుమ కోయడం ప్రమాదం. కోత చివరికి వచ్చేసరికి రెండు భాగాలూ లోపలికి కుంగి బ్లేడును నొక్కేస్తాయి. నేల మీద రెండంగుళాల థర్మోకోల్ పలకలు పరిచి దాని మీద కోస్తే షీటు అంతటా ఆనుకుని ఉంటుంది, బ్లేడు థర్మోకోల్‌లోకి కొద్దిగా దిగినా నష్టం లేదు. థర్మోకోల్ లేకపోతే కోతకు ఇటు రెండు, అటు రెండు రీపర్లు (సన్నటి చెక్క దుంగలు) వేసుకోండి. మేడ మీద కోసేవారు పొద్దున్నే పని ముగించుకోవాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఊపందుకుంటే నిలబెట్టిన షీటును ఒక్కరు పట్టలేరు, పొట్టంతా కళ్లలోకి వస్తుంది. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. చెక్క పొట్టును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

మరి ఎవరికి ఏది?

ఇంటి కోసం ఒకటి రెండు వస్తువులు చేసుకునేవారు 50 అంగుళాల క్లాంపు గైడు ఒకటి కొనుక్కుని, నిలువుకోతలన్నీ ప్యానెల్ సా దగ్గర చేయించుకోండి. నా దృష్టిలో ఇది అత్యుత్తమమైన జోడీ. చేతిలో పెద్దగా డబ్బు లేకపోతే క్లాంపు గైడు బదులు ఐదడుగుల గైడు బోర్డు చేసుకోండి. కోత అందంలో అది క్లాంపు గైడును మించుతుంది, వేగంలో మాత్రం కొంచెం వెనకబడుతుంది. ఊరి శివార్లలో, ప్యానెల్ సా దూరమైన చోట ఉండేవారికి తొమ్మిదడుగుల గైడు బోర్డు తప్పదు. మూడంగుళాల అల్యూమినియం సెక్షనును దానికి బద్దగా వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పని మీదే బతికేవారు గైడు బోర్డుతో మొదలుపెట్టి, ఆర్డర్లు నిలకడగా వచ్చాక ట్రాకు సాకు మారవచ్చు.

గీత మీద పూర్తి నమ్మకం లేనప్పుడు ఒక పని చేయండి. రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, అదే గైడు వెంట ట్రిమ్మరుతో (అంచులు చెక్కే చిన్న చేతి యంత్రం) ఆ అదనాన్ని రెండు విడతల్లో తీసేయండి. చిత్రిక పట్టినంత నునుపైన అంచు వస్తుంది. సన్‌మైకా పని చేసే ప్రతి వడ్రంగి దగ్గరా ట్రిమ్మరు ఉంటుంది.

ఏ గైడు కొన్నా ఈ ఊళ్లో ఉప్పుగాలి సంగతి మరవకండి. సి క్లాంపుల మరలకు నెలకోసారి నూనె పట్టించకపోతే బిగుసుకుపోతాయి. బీచికి దగ్గరగా ఉండేవారు వాటిని నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకోవాలి. అల్యూమినియంలో ఆనోడైజు చేసినదే, అంటే పైన గట్టి రక్షణ పూత ఉన్నదే తీసుకోండి. పూత లేనిదానికి తెల్లటి పొడి పట్టి రంపం జారుడు తగ్గుతుంది. అంచు వెంట కొవ్వొత్తి మైనం రుద్దితే మళ్లీ సాఫీగా నడుస్తుంది.

ప్యానెల్ సా దగ్గరకు వెళ్లే ముందు కోతల జాబితా మిల్లీమీటర్లలో రాసుకోండి. అలమార లోతు 24 అంగుళాలు కావాలి, షీటు నాలుగడుగులు కాబట్టి సరిగ్గా రెండు వస్తాయి అనుకుంటారు. 24 అంగుళాలంటే 609.6 మిల్లీమీటర్లు, రెండు కలిపి 1219.2. షీటులో మిగిలేది 0.8 మిల్లీమీటర్లు, బ్లేడు తినేసేది రెండు నుంచి మూడు. ఫ్యాక్టరీ అంచును సరిచేయడానికి మరో నాలుగైదు పోతాయి. జాబితాలో 600 అని రాయండి. మొదట ఒక పొడవు అంచును సరిచేసి, ఆ అంచు నుంచే రెండు ముక్కలనూ కొలిచి చీల్చమని చెప్పండి. చివర్లో మిగిలిన సన్నటి బద్దను అక్కడే వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి, కొలబద్దలకు పనికొస్తుంది.